షిట్జూకి నేల దాకా జుట్టు పెంచాలంటే: మా చిట్టితో నేను పడ్డ పాట్లు

మీ షిట్జూ కుక్కపిల్లకి తొమ్మిదో నెల, జుట్టు నేల దాకా పెంచాలని కోరిక, ఈమధ్య ఎంత దువ్వినా తెల్లారేసరికి మళ్లీ చిక్కులే, కుక్కల జుట్టు కత్తిరించే గ్రూమరేమో మొత్తం గొరిగించేయమన్నాడు, ఏం చేయమంటారు అని అడిగారు. అప్పుడే గొరిగించకండి. మీరిప్పుడు అన్నిటికన్నా కష్టమైన రోజుల్లో ఉన్నారంతే.

పిల్ల జుట్టు పోయి పెద్ద జుట్టు వచ్చే వయసిది. ఏడాది నిండే ముందూ వెనకా కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. ఊడిన మెత్తటి వెంట్రుకలు కింద రాలవు, కొత్తవాటిలో ఇరుక్కుని జడలు కట్టేస్తాయి. చెవుల వెనక, చంకల్లో, హార్నెస్ (ఒంటికి కట్టే పట్టీ) ఒరుసుకునే చోట మరీ ఎక్కువ.

మా షిట్జూ చిట్టికి పది నెలలప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్తాను. చిక్కులు ఉండగానే స్నానం చేయించా. ఆరేసరికి ముడులన్నీ బిగుసుకుపోయి కంబళి ముక్కల్లా తయారయ్యాయి. సరే అని కత్తెర తీశా. ముడితో పాటు చర్మం కూడా పైకి లేస్తుందని నాకేం తెలుసు? చంకలో తెగి రెండు కుట్లు పడ్డాయి. అందుకే ముందు చిక్కు, తర్వాతే నీళ్లు. ముడి రాకపోతే కాస్త కార్న్‌ఫ్లోర్ (తెల్లటి మెత్తని మొక్కజొన్న పొడి) చల్లి వేళ్లతో పాయలుగా విడదీయండి. అప్పటికీ రాకపోతే గ్రూమర్ చేత ఆ ఒక్క ముడే మెషిన్‌తో తీయించండి.

దువ్వడం నాకు నేర్పింది యూట్యూబ్ కాదు, మా అమ్మ. చిన్నప్పుడు నాకు జడ వేస్తూ, ఒక చేత్తో కుదుళ్ల దగ్గర గట్టిగా పట్టుకుని కొసల నుంచి పైకి చిక్కు తీసేది. అలా పట్టుకుంటే లాగినా నొప్పి తెలీదు. కుక్కకీ అంతే. పక్కకి పడుకోబెట్టి, పొట్ట దగ్గర మొదలుపెట్టి, చర్మం కనబడేలా ఒక్కో పాయా విడదీసుకుంటూ వెన్ను దాకా రండి. పైపైన దువ్వితే పైకి పట్టుకుచ్చే, లోపల చాపే. ఆఖర్న స్టీలు దువ్వెన కుదురు నుంచి కొస దాకా ఆగకుండా జారితేనే అయినట్టు. పొడి జుట్టు తెగుతుంది కాబట్టి నీళ్లలో కుక్కల కండిషనర్ కాస్త కలిపి స్ప్రే చేసుకోండి. పిన్ బ్రష్ కొనేటప్పుడు పిన్నుల కొసన గుండ్లు లేనిది చూడండి, గుండ్లకి వెంట్రుకలు చుట్టుకుంటాయి.

అమ్మ మాట ఒక్కటి మాత్రం వినలేదు: కొబ్బరినూనె. రాస్తే ఇంట్లో దుమ్మంతా దానికే, పైగా నాకేస్తుంది.

స్నానం వారానికో పది రోజులకో, కుక్కల షాంపూతోనే. డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి దువ్వుతూ కుదుళ్ల దాకా ఆరబెట్టాలి. వానాకాలంలో తడి మిగిలితే కంపు, ఆపైన దురద.

కళ్లలో పడే జుట్టుకి పిలక వేయండి. బిగించి కట్టకండి, తలని సోఫాకేసి రుద్దుకుంటుంది. రోజూ విప్పి మళ్లీ వేయాలి. రబ్బరు బ్యాండు లాగొద్దు, బ్యాండుని మాత్రమే కత్తిరించి తీసేయండి.

ఇక నేల దాకా అంటే, ఫొటోల్లో కనబడే షో కుక్కల జుట్టు మిగతా రోజుల్లో కాగితాల్లో పొట్లాలు కట్టి ఉంటుందండీ. అవి మన వీధిలో తిరిగే కుక్కలు కావు. చిట్టికి మోకాళ్ల దాకా రావడానికే ఏడాదిన్నర పట్టింది, రోజుకి ఇరవై నిమిషాల చాకిరీతో. మాది విజయవాడ, మే నెలలో ఈ చప్పిడి ముక్కుది రొప్పుతుంటే చూడలేక పొట్ట కింద పొట్టిగా చేయించేశాను. పక్కకి వేలాడే జుట్టు కప్పేస్తుంది, ఎవరికీ తెలీదు. మీకా ఇరవై నిమిషాలు కుదరకపోతే హాయిగా పొట్టిగానే ఉంచండి, దానికేం బెంగ లేదు.

ఎంత పెంచినా అరికాళ్ల మధ్య జుట్టు కత్తిరించాల్సిందే, లేకపోతే టైల్స్ మీద జారుతుంది. తోక కింద కూడా. అదెందుకో ఒక్కసారి దానికి విరేచనాలు అయితే మీకే తెలుస్తుంది.