కవుల కంటే కవుల్ని కాపాడినవారి జీవితాలే నన్ను కదిలించాయి

"దేశదేశాల కవుల్లో ఎవరి జీవితం మిమ్మల్ని బాగా కదిలించింది?" అని అడిగారు. నేను చెప్పేది కవి పేరు కాదు, ఒక కవి భార్య పేరు. నదేజ్దా మండెల్‌స్టామ్. ఆవిడ భర్త, రష్యన్ కవి ఓసిప్ మండెల్‌స్టామ్‌ను స్టాలిన్ మీద చెప్పిన ఒక కవితకు 1934లో అరెస్టు చేశారు. 1938లో మళ్లీ పట్టుకుపోయారు. ఆ ఏడాది చివర నిర్బంధ శిబిరంలోనే ఆయన ప్రాణం పోయింది. కాగితం దొరికితే ముప్పు కాబట్టి ఆవిడ ఆ కవితల్ని కంఠస్థం చేసి, ఊళ్లు మారుతూ ఏళ్ల తరబడి వల్లె వేసుకుంది. అమెరికాలో ఎమిలీ డికిన్సన్ 1886లో పోయేనాటికి సుమారు పది కవితలే అచ్చయ్యాయి. రాసినవి దాదాపు 1,800. వాటిని బయటికి తెచ్చి, అచ్చు వేయించాలని పట్టుబట్టింది చెల్లెలు లవీనియా.

మా కడపకు 1820లో వచ్చిన ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. తాళ్ళపాక అన్నమయ్య పాటలు మనదాకా వచ్చాయంటే వాటిని రాగిరేకుల మీద చెక్కించిన ఆయన సంతానం చలవే. నన్నడిగితే, దాచేవారు లేక పోయిన గొప్ప కవులు మనకు తెలిసినవారి కంటే ఎక్కువే ఉంటారు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ప్రొద్దుటూరులో మా వీధిలో ఒక అవధాని ఉండేవారు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని పిల్లలందరి చేతా సీసపద్యాలు చెప్పించేవారు. ఆయన పోయాక కొన్నాళ్లకు, పాత కాగితాల కొట్టు ముందు నుంచి వెళ్తుంటే కాటా మీద ఆయన దస్తూరి కనిపించింది. ఎర్ర అట్టల లెక్కల పుస్తకాలు. ప్రతి పాదంలో యతి అక్షరం కింద చిన్న గీత గీయడం ఆయన అలవాటు. ఆ గీతలు చూడగానే నా కాళ్లు కదల్లేదు. సగం పుస్తకాలు అప్పటికే పొట్లాలకు పోయాయి. మిగిలినవి కిలోల లెక్కన కొనుక్కున్నాను.

"పెద్దాయన రాసినవా సార్? ముందే తెలిస్తే పక్కన పెట్టేవాణ్ణి" అన్నాడు కొట్టు యజమాని. అతని మీద నాకు కోపం లేదు. తెలుగు చదవడం రాని మనవల మీదా లేదు. నా కోపమంతా సన్మానాలు చేసినవారి మీద. ఆ ఇంట్లో బీరువా నిండా శాలువాలు, గోడ నిండా జ్ఞాపికలు. అందులో సగం ఖర్చు పెట్టినా ఒక పుస్తకం అచ్చయ్యేది. బతికున్న కవిని వేదిక ఎక్కించి, ఆయన రాతప్రతి ఎక్కడుందని ఒక్కరూ అడగకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ పద్యాలు ఇప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఒక పుస్తకం తడిసి, చాలాచోట్ల సిరా అలుక్కుపోయింది. గణాలు లెక్కపెట్టి ఖాళీలు పూరించవచ్చు గానీ, అప్పుడది నా పద్యమవుతుంది. అందుకే చుక్కలు పెట్టి వదిలేస్తున్నాను. జమ్మలమడుగులో ఆయన అవధానానికి పృచ్ఛకుడిగా, అంటే ప్రశ్నలు అడిగేవాడిగా, కూర్చున్న ఒక పెద్దాయనకు అందులో కొన్ని పద్యాలు నోటికి వచ్చట. ఈ ఆదివారం ఫోనులో రికార్డు చేసుకు రావడానికి వెళ్తున్నాను.