సోషల్ మీడియా బంధాలకు సరదా తెలుగు పేర్లు మనమే పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు; కానీ పదం నిలవాలంటే అది తెలుగు నోటికి అలవాటైన అచ్చులో పడాలి, ఇంతవరకూ పేరు లేని దాన్ని పట్టుకోవాలి.

మనకు చుట్టరికం, పెద్దరికం, పేదరికం ఉన్నాయి. చివర ‘రికం’ వినగానే అదొక స్థితో, సంబంధమో అని చెవికి తెలిసిపోతుంది. ఆ అచ్చులోనే ‘లైకరికం’ అని కట్టామనుకోండి. గృహప్రవేశం ఫొటో నుంచి పిల్లాడి పుట్టినరోజు దాకా అన్నిటికీ లైకు కొట్టే మనిషి, విజయవాడ బీసెంట్ రోడ్డులో ఎదురైతే పలకరించకుండా పక్కనుంచి వెళ్లిపోతాడు. ఆ బంధమే లైకరికం. చుట్టరికంతో ప్రాస కలిసింది కాబట్టి వివరించకుండానే సగం అర్థమవుతుంది. ‘మా ఇద్దరిదీ ఉత్త లైకరికమేనండీ’ అంటే గుంటూరులో ఎవరైనా ఇట్టే పట్టేస్తారు.

‘ముఖపుస్తకం’ కూడా చక్కటి సమాసమే, రాతలో కనిపిస్తుంది. కానీ ఫేస్‌బుక్ అన్న పేరు అప్పటికే అందరి నోటా ఉంది, అందుకే మాటల్లోకి అంతగా రాలేదు.

ఇంగ్లిష్ మాటకు తెలుగు తోక తగిలిస్తే భాష చెడుతుందని చాలామంది అనుకుంటారు. అది అపోహ. రైలుబండిలో రైలు ఇంగ్లిష్, బండి మనది. జేబుదొంగలో జేబు అరబ్బీ నుంచి వచ్చింది, దొంగ తెలుగువాడే! నిఘంటువు ముందు ఒప్పుకుంటే జనం వాడిన మాటలు కావివి. జనం వాడాకే నిఘంటువుకెక్కాయి.