క్రిమినల్ జస్టిస్ చదవబోయే హారికకు

చి. హారికకు ఆశీస్సులు.

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో క్రిమినల్ జస్టిస్‌లో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కేటలాగ్‌లో ఇది ఎక్కువగా ‘అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్’ పేరుతో ఉంటుంది, ఆ పేరుతో వెతుకు.

క్లాసులు ఎంచుకోకముందే, రెండేళ్లయ్యాక యూనివర్సిటీకి వెళ్తావో, ఉద్యోగం చూసుకుంటావో తేల్చుకో. యూనివర్సిటీ అయితే, అక్కడికి మారడానికే పెట్టిన రెండేళ్ల డిగ్రీ ‘అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్’లోనే చేరు. 60 సెమిస్టర్ యూనిట్లు, కనీసం 2.0 జీపీఏ (గ్రేడ్ల సగటు), మేజర్ సబ్జెక్టులన్నిట్లో సీ గ్రేడ్ గానీ అంతకు మించి గానీ వస్తే కాల్‌స్టేట్‌లో, అంటే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో, సీటు ఖాయం. కానీ ఏదో ఒక క్యాంపస్‌లోనే, నువ్వు కోరుకున్న చోటే అని కాదు. అందుకని 2.0తో తృప్తి పడకు. కాలేజీలో చదివిన ప్రతి యూనిటూ ట్రాన్స్‌ఫర్ కాదు, ఏ క్లాసు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో చూపే ‘అసిస్ట్’ వెబ్‌సైట్‌లో చూసుకుని, కౌన్సెలర్‌తో ఎడ్యుకేషన్ ప్లాన్ రాయించుకో.

డిగ్రీ వేరు, పోలీస్ అకాడమీ వేరు. అకాడమీ శిక్షణే కనీసం 664 గంటలు. ఎఫ్‌బీఐ ఏజెంట్ కావాలంటే బ్యాచిలర్స్ డిగ్రీ, అమెరికా పౌరసత్వం తప్పనిసరి. చదువుకి ప్రభుత్వమిచ్చే ఫెడరల్ ఆర్థిక సాయం హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చేది) మీద రాదు. ఈ లెక్కలు ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

ఇక చదువు. పిల్లలు ఎక్కువగా తడబడేది కేసుల దగ్గర. ప్రతి కేసుకూ ఒక పేజీలో బ్రీఫ్ రాసుకో: ఏం జరిగింది, కోర్టు ముందున్న ప్రశ్న ఏమిటి, ఏం తేల్చింది, ఎందుకు తేల్చింది. చాలామంది జరిగిన కథ ముప్పావు పేజీ రాసి, ‘ఎందుకు’కి ఒక్క వాక్యం మిగులుస్తారు. పరీక్షలో మాస్టారు కథలో ఒక వివరం మార్చి అడుగుతారు, అప్పుడు ఆదుకునేది ఆ ‘ఎందుకు’ మాత్రమే. ఉదాహరణకి 1966 నాటి మిరాండా తీర్పు. అరెస్టు చేయగానే పోలీసులు ‘మౌనంగా ఉండొచ్చు, లాయర్‌ని పెట్టుకోవచ్చు’ అనే హక్కులు చదివి వినిపించాలని చాలామంది రాసేస్తారు. అది తప్పు. మనిషి పోలీసుల అదుపులో ఉండాలి, పైగా ప్రశ్నించాలి, రెండూ కలిస్తేనే ఆ హెచ్చరిక అవసరం. పోలీసులు మనిషిని ఆపి తనిఖీ చేయడం గురించిన 1968 నాటి టెర్రీ కేసూ అంతే. ఆపడానికి సహేతుకమైన అనుమానం చాలు, కానీ ఒళ్లు తడిమి చూడాలంటే దగ్గర ఆయుధం ఉందనీ, ప్రమాదకరమనీ అనుమానించడానికి విడిగా ఆధారం కావాలి.

రిపోర్ట్ రైటింగ్‌ని తేలిగ్గా తీసుకోకు, ఈ రంగంలో జీవితాంతం పనికొచ్చే క్లాసు అదే. ‘అతను తాగి ఉన్నాడు’ అని రాయకు, అది నీ అభిప్రాయం. నోటి నుంచి మద్యం వాసన వచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిలబడితే తూలాడు అని రాయి. చూసింది ఎవరు, ఎన్ని గంటలకు, ఎక్కడ నిలబడి చూశారు అన్నవి లేకపోతే కోర్టులో డిఫెన్స్ లాయర్ మొదట పట్టుకునేది అదే.

ఏ క్లాసైనా చేయి దాటుతోందనిపిస్తే విత్‌డ్రా గడువు లోపలే కౌన్సెలర్‌ని కలువు. విత్‌డ్రా అయితే పడే డబ్ల్యూ జీపీఏని తగ్గించదు, ఫెయిలైతే వచ్చే ఎఫ్ తగ్గిస్తుంది. ఆ తేదీ అకడమిక్ క్యాలెండర్‌లో చూసి మొదటి వారమే ఫోన్‌లో పెట్టుకో.

పెదనాన్న