ఖీమా ఊచ మీద నిలవట్లేదా?

ప్రశ్న: మాది కావలి. సీక్ కబాబ్ చేద్దామని ఖీమా ఊచకి పట్టించి కాలిస్తే సగం జారి బొగ్గుల్లో పడుతోందండీ. గుడ్డు, శనగపిండి వేసినా అంతే. పైగా మా మామయ్య, ఇది మొఘలులు తెచ్చిన తిండి, మనకెందుకు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ముందు తడి సంగతి చూడండి. ఖీమా కొట్టించాక కడిగితే ఆ నీళ్లు పోవు, అందుకని మాంసం ముక్కలుగా ఉన్నప్పుడే కడిగి, ఆరాక కొట్టించుకోండి, ఉల్లి తురుము కూడా గట్టిగా పిండే వేయండి. కొవ్వు ఐదో వంతు ఉండాలి. కొవ్వు తీసేయమని దుకాణంలో పట్టుబట్టేవాళ్లకి కబాబ్ ఎండిపోయి రాలుతుంది మరి. ఉప్పు వేసి అరచేతికి అంటుకునేదాకా పిసికితే మాంసంలోంచే జిగురు వస్తుంది, గుడ్డూ శనగపిండీ అక్కర్లేదు. తర్వాత గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఊచ బల్లపరుపుగా ఉన్నది కొనండి, గుండ్రటిదైతే మీరు తిప్పినప్పుడు ఊచ ఒక్కటే తిరుగుతుంది, మాంసం ఉన్నచోటే ఉంటుంది. మన వైపు తుమ్మ బొగ్గులకి కొదవేముంది, మంట ఆరి పైన తెల్ల బూడిద పట్టాక పెట్టండి, అడుగు గట్టిపడేదాకా కదపకండి.

ఇక మామయ్యగారి మాట సగమే నిజం. సీక్ కబాబ్ అనే పేరు, ఆ పద్ధతి పడమటి ఆసియా నుంచి వచ్చినవే. కానీ మాంసం ముక్కలు ఊచకి గుచ్చి కాల్చడం 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసం అనే సంస్కృత పుస్తకంలోనే ఉంది, బాబర్ పానిపట్టు గెలిచిందేమో 1526లో. ఇంత చెప్పినా వద్దంటే ఆయన వాటా కూడా మీరే తినేయండి.