పెద్దవాళ్లతో స్విట్జర్లాండ్ రైలు ప్రయాణం: మా అనుభవం

జూన్‌లో అరవై అయిదు దాటిన అమ్మానాన్నలతో వెళ్తున్నాం, చేతిలో ఏడు రోజులున్నాయి. జ్యూరిచ్, లూసెర్న్, ఇంటర్‌లాకెన్, జెర్మాట్, మాంట్రూ, జెనీవా అన్నీ రైల్లోనే చూడొచ్చా, పాస్ కొనాలా, శాకాహారులకి తిండి దొరుకుతుందా అని ఒకరు అడిగారు.

రైల్లోనే తిరగొచ్చు, కారు అవసరమే లేదు. కాకపోతే ఆ ఆరు ఊళ్లలోంచి జెర్మాట్, జెనీవా ఇప్పుడే కొట్టేయండి. మాంట్రూ సంగతి చివర్లో చెప్తాను.

మేమూ జూన్‌లోనే వెళ్లాం. నేను, మావారు, అత్తయ్య, మామయ్యగారు. మామయ్యగారు వాల్తేరు డివిజన్‌లో గార్డుగా చేసి రిటైరయ్యారు. కొత్తవలస-కిరండూల్ లైన్లో గూడ్సు బండి చివరి పెట్టెలో కూర్చుని అరకు కొండల్ని కొన్ని వందలసార్లు చూసిన మనిషి. "మనకి లేని కొండలా, మనకి లేని సొరంగాలా" అంటూనే విమానం ఎక్కారు.

పెద్దవాళ్లని అలసిపోయేలా చేసేది ప్రయాణం కాదు, రోజూ పొద్దున్నే పెట్టెలు సర్దడం. అందుకని మేం రెండే మకాములు పెట్టుకున్నాం. లూసెర్న్‌లో మూడు రాత్రులు, ఇంటర్‌లాకెన్‌లో నాలుగు. దేశం చిన్నది, రైళ్లు అరగంటకో గంటకో ఒకటి ఉంటాయి. పొద్దున వెళ్లి రాత్రికి గూటికి చేరుకోవచ్చు. జ్యూరిచ్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంది, అక్కణ్నుంచి లూసెర్న్‌కి గంట పైచిలుకు. జ్యూరిచ్ ఊరికి తిరుగు ప్రయాణం రోజున ఒక పూట చాలు.

లూసెర్న్‌లో స్టేషన్ బయటికి రాగానే సరస్సు. ఐదు నిమిషాలు నడిస్తే 14వ శతాబ్దం నాటి చెక్క వంతెన, కాపెల్‌బ్రూకె. 1993లో అది చాలావరకు తగలబడితే మళ్లీ కట్టారు. లోపల పైకప్పు కింద ఉన్న బొమ్మల్లో చాలా భాగం అప్పుడే పోయాయి. ఇక ఊళ్లో తిరగడం కంటే రిగి కొండకి ఒక రోజు మొత్తం ఇవ్వండి. స్టేషన్ ఎదుటే పడవ ఎక్కితే గంటలో విట్స్‌నావు అనే ఊరు. అక్కడ దిగిన చోటే ఎర్ర రంగు కొండ రైలు కాచుకుని ఉంటుంది. 1871లో మొదలైంది, యూరప్‌లో ఇదే మొట్టమొదటి కొండ రైలు. పట్టాల మధ్యలో పళ్లున్న ఇంకో పట్టా ఉంటుంది. బండి కింద ఉన్న పళ్ల చక్రం దాన్ని పట్టుకుని పైకి పాకుతుంది. మామయ్యగారు విట్స్‌నావులో పట్టాల పక్కన వంగి ఆ పళ్లు చూస్తూ మొదటి బండి వదిలేశారు. మేమూ వదిలేశాం, ఏం చేస్తాం! శిఖరం 1,798 మీటర్లు, కాబట్టి ఊపిరి ఆడదేమో అన్న భయం లేదు. పై స్టేషన్ నుంచి శిఖరం దాకా కొద్దిగా ఎక్కాలి, మోకాళ్ల నొప్పులుంటే స్టేషన్ దగ్గర బెంచీ మీద కూర్చున్నా చాలు, సరస్సులు కనిపిస్తాయి. దిగేటప్పుడు రెండోవైపు ఆర్ట్-గోల్డావుకి నీలం రైల్లో వస్తే దారి మారుతుంది.

స్టేషన్లలో గడియారం చూడండి. ఎర్ర సెకన్ల ముల్లు సుమారు 58న్నర సెకన్లకే చుట్టు పూర్తిచేసి పైన ఆగుతుంది. నిమిషం ముల్లు ఒక్కసారి ముందుకి దూకాక మళ్లీ కదులుతుంది. గడియారం పాడైందని మామయ్యగారు ముందు జాలిపడ్డారు. తర్వాత పక్క ప్లాట్‌ఫామ్ మీది గడియారం కూడా అదే క్షణంలో ఆగడం చూసి, అన్నిటికీ కలిపి నిమిషానికోసారి సంకేతం వస్తోందని ఆయనే పట్టేశారు. ఆ రోజు నుంచి ప్రతి స్టేషన్లో అదో కాలక్షేపం.

లూసెర్న్ నుంచి ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్‌కి నేరుగా వెళ్లే రైలు ఉంది, రెండు గంటల్లోపే. మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చింది ఇదే. లూసెర్న్‌లో ఎక్కగానే కుడివైపు కిటికీ పట్టుకోండి. సార్నెన్ సరస్సు, తర్వాత లుంగెర్న్ సరస్సు ఆ వైపే వస్తాయి. బ్రూనిగ్ కనుమ దాటి కిందికి దిగాక మైరింగెన్‌లో బండి ఆగి, వచ్చిన వైపుకే బయల్దేరుతుంది. కంగారుపడి సీటు మారకండి. ఇప్పుడు మీరు వెనక్కి తిరిగి కూర్చున్నట్టు, ఎడమవైపు ఉన్నట్టు లెక్క. బ్రియెంజ్ సరస్సు సరిగ్గా ఆ వైపే వస్తుంది. కొండల మీద మెల్లగా కదిలే హిమానీనదాలు రాళ్లని నూరిన మెత్తటి పొడి నీళ్లలో కలవడం వల్ల దానికి ఆ ఆకుపచ్చ నీలం రంగు. మా ఎదుట కూర్చున్నవాళ్లు మైరింగెన్‌లో లేచి అటువైపు సీట్లలోకి మారి, తర్వాత మా భుజాల మీంచి తొంగిచూస్తూ వచ్చారు.

ఇక మేం చేసిన పొరపాటు. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ నుంచి లౌటర్‌బ్రున్నెన్, గ్రిండెల్‌వాల్డ్ అనే రెండు కొండ ఊళ్లకి వెళ్లే బండి ఒకటే. త్స్వైల్యూచినెన్ అనే చిన్న స్టేషన్లో రెండుగా విడిపోయి సగం ఇటు, సగం అటు వెళ్తుంది. నల్ల ల్యూచినె, తెల్ల ల్యూచినె అనే రెండు ఏర్లు కలిసే చోటది, పేరు కూడా అందుకే, జర్మన్‌లో 'త్స్వై' అంటే రెండు. ఏర్లు కలిసే చోట బండి విడిపోతుందన్నమాట. ప్లాట్‌ఫామ్ బోర్డు మీద ఏ భాగం ఎటు అని రాసి ఉంటుంది, మైకులో కూడా చెప్తారు. మేం చూసి సరైన పెట్టెలోనే ఎక్కాం. కానీ కిటికీ సీటు లేదని మామయ్యగారు దిగి, "నేను వెనక పెట్టెలో కూర్చుంటా, అక్కడ దిగాక కలుద్దాం" అని వెళ్లిపోయారు. మేమూ సరే అన్నాం. లౌటర్‌బ్రున్నెన్‌లో దిగి చూస్తే వెనక పెట్టే లేదు, మామయ్యగారూ లేరు. అత్తయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. మావారు ఫోన్ చేస్తే అవతల నుంచి నవ్వు. "ఇన్నేళ్లు గార్డుగా చేశాను, నాకు తెలియకుండా నా బండి సగం పోవడం ఇదే మొదలు. ఎక్కడ చీలిందో అక్కడికే వెనక్కి వస్తున్నా, మీరూ రండి." మేం వెనక్కి వెళ్లేసరికి ఆయన బెంచీ మీద కూర్చుని అరటిపండు తింటున్నారు. కాబట్టి పాసులు, ఫోన్లు ఎవరివి వాళ్ల దగ్గరే ఉంచండి. తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.

మంచుకొండల మీది రైల్వే స్టేషన్ యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కి టికెట్ మాత్రం మన ఊరి నుంచే కొనేయకండి. పూర్తి ధర మనిషికి 200 ఫ్రాంకులు దాటుతుంది, ఫ్రాంకుకి వంద రూపాయలు వేసుకున్నా ఎంతవుతుందో చూడండి. పైన మబ్బు కమ్మితే అంత డబ్బు పెట్టి తెల్లగోడ చూసి రావాలి. పైన కెమెరాలుంటాయి, అక్కడ ఆ క్షణంలో ఎలా ఉందో ఫోన్లో కనిపిస్తుంది. మేం రెండు పొద్దుటిపూటలు చూసి మానుకుని, మూడోరోజు వెళ్లాం. ఇంటర్‌లాకెన్‌లో నాలుగు రాత్రులు పెట్టుకున్నది ఇందుకే. 1912లో పూర్తయిన లైను అది. చివరి బండి దారి 9 కిలోమీటర్లయితే అందులో 7 ఐగర్, మోంక్ పర్వతాల కడుపులోంచే. పై స్టేషన్ 3,454 మీటర్లు. అక్కడ మెట్లు గబగబా ఎక్కితే కళ్లు తిరుగుతాయి. అత్తయ్య అరగంట కుర్చీలోంచి లేవలేదు. అమ్మగారికి బీపీ, గుండె సమస్య లాంటివి ఉంటే ముందే డాక్టర్ని అడగండి. వద్దంటే బాధపడకండి, రిగి ఉందిగా.

పాస్ లెక్క ఇలా వేసుకోండి. స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకి దొరుకుతుంది. రైళ్లు, బస్సులు, సరస్సు పడవలు, ఊళ్లలో ట్రాములు అన్నీ అందులోనే. రిగి పూర్తిగా ఉచితం, యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కి మాత్రం దారిలో ఉన్న గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ దాటాక పావు వంతే తగ్గింపు. హాఫ్ ఫేర్ కార్డ్ కొంటే రైలు టికెట్లూ సగమే, ఆ కొండ టికెట్టూ సగమే. రోజూ తిరుగుతూ పడవలెక్కేవాళ్లకి పాస్, ఒకేచోట ఉండి ఒకటి రెండు పెద్ద కొండలు ఎక్కేవాళ్లకి కార్డు. స్విస్ రైల్వే ఎస్‌బీబీ యాప్‌లో మీ టికెట్లన్నీ విడివిడిగా కూడి చూడండి, పది నిమిషాల పని. మేం పాసే తీసుకున్నాం, ఎందుకంటే పడవల దగ్గర అత్తయ్య ఆగరు. బ్రియెంజ్ సరస్సు మీద పడవలో వెళ్లి రైల్లో వెనక్కి రావడం ఆవిడ రెండుసార్లు చేశారు. మామూలు రైళ్లకి సీటు రిజర్వేషన్ అక్కర్లేదు, ఫస్ట్ క్లాసు కూడా దండగ.

గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ గురించి అందరూ చెప్తారు. జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్‌కి ఎనిమిది గంటలు, పాస్ ఉన్నా రిజర్వేషన్ డబ్బు వేరే. పెద్దవాళ్లని అన్ని గంటలు ఒకే సీట్లో కూర్చోబెట్టడం నాకైతే నచ్చదు. మాంట్రూ చూడాలనే ఉంటే ఇంటర్‌లాకెన్ నుంచి బెర్న్, లోజాన్ మీదుగా ఒక రోజులో వెళ్లిరండి. బెర్న్ నుంచి లోజాన్ వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోండి. చివర్లో ఒక సొరంగం దాటగానే కింద ద్రాక్షతోటలు, వాటి కింద జెనీవా సరస్సు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. పెట్టె మొత్తం "ఓ" అంది, మామయ్యగారు అరకు మాట మళ్లీ ఎత్తలేదు.

తిండికి వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. బియ్యం, కూరలు కోప్, మీగ్రోస్ షాపుల్లో దొరుకుతాయి. ఆదివారం అవి దాదాపు అన్నీ మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్నవి తప్ప. వీధి కుళాయిల నీళ్లు తాగొచ్చు, తాగకూడదని బోర్డు ఉంటే తప్ప. ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్లండి. నెయ్యి వద్దు, మన దేశం నుంచి పాలతో చేసినవి, మాంసం తేనివ్వరు. అక్కడ పెరుగు చాలా బాగుంటుంది కానీ డబ్బా మీద 'నాట్యూర్' అని ఉందో లేదో చూసి కొనండి. మేం చూడకుండా కొని, ఆవకాయ అన్నంలోకి వెనీలా పెరుగు కలుపుకుని తిన్నాం.