ఒక్కో చిల్లు దగ్గరా ఆగు

హైదరాబాద్

అమ్మాయీ,

పెర్ఫొరేషన్ మీద, అంటే చిల్లుల మీద, నువ్వు రాసిన వ్యాసం చదివాను. తపాలా బిళ్ళ, సినిమా రీలు, చమురు బావి, కర్ణభేరి అంటూ ఒక్కోదానికి రెండేసి వాక్యాలిచ్చి ముందుకు వెళ్ళిపోయావు. సమాచారంలో తప్పేమీ లేదు. కానీ చదవడం పూర్తయ్యాక ఒక్క చిల్లు కూడా నా కళ్ళకు కట్టలేదు. ఎక్కడెక్కడ చిల్లులుంటాయో చెప్పడంతోనే నీ ఓపిక అయిపోయింది. ప్రతి చిల్లు దగ్గరా ఆగి ఒకే ప్రశ్న అడిగి చూడు: ఇందులోంచి ఏది వెళ్ళాలి, ఏది ఆగిపోవాలి?

తపాలా బిళ్ళనే తీసుకో. అక్కడ వెళ్ళాల్సింది చిరుగు. 1840లో బ్రిటన్‌లో పెన్నీ బ్లాక్ అనే తొలి తపాలా బిళ్ళ వచ్చినప్పుడు అంచుకు చిల్లుల్లేవు, కత్తెరతో కత్తిరించుకోవాల్సి వచ్చేది. 1847లో హెన్రీ ఆర్చర్ అనే ఐర్లండ్ మనిషి యంత్రంతో ఆ పని చేయొచ్చని ముందుకొచ్చాడు. ఆయన మొదట కాగితానికి సన్నని గాట్లు పెట్టించాడు, అది కుదరలేదు. తర్వాత పిన్నులతో కాగితాన్ని గుండ్రంగా తొలిచి తీసేసే పద్ధతికి వచ్చాడు. 1854 నుంచి చిల్లుల బిళ్ళలు అధికారికంగా అమ్మకానికొచ్చాయి. ఈ కథంతా నువ్వు 'పందొమ్మిదో శతాబ్దంలో కనిపెట్టారు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. చిల్లుకూ చిల్లుకూ మధ్య మిగిలిన కాగితాన్ని చూశావా? అది మరీ సన్నమైతే అమ్మకముందే షీటు చేతిలో విడిపోతుంది. మందమైతే చిరుగు బొమ్మలోకి పాకుతుంది. బిళ్ళలు సేకరించేవాళ్ళు రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులున్నాయో కొలుస్తారు. బొమ్మ ఒకటే అయినా ఆ లెక్క మారితే అది వేరే రకం కింద జమ. మన నిజాం సర్కారు కూడా 1869 నుంచి సొంత బిళ్ళలు వేసింది. సేకరణ ఉన్నవాళ్ళెవరినైనా అడిగి, ఒకదాన్ని భూతద్దం కింద పెట్టి చూశాక ఈ పేరా మళ్ళీ రాయి.

సినిమా దగ్గర నీకు ఇంకా మంచి అవకాశం ఉంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ 35 ఎంఎం, సంధ్య 70 ఎంఎం అని చదువుతూ పెరిగాం. రీళ్ళు పోయినా ఫిల్మ్ వెడల్పు హాలు పేరులో నిలిచిపోయింది. 35 ఎంఎంలో ఒక్కో ఫ్రేముకు అటూ ఇటూ నాలుగేసి చిల్లులు, 70 ఎంఎంలో అయిదేసి. సెకనుకు 24 ఫ్రేములంటే 35 ఎంఎంలో ఒక్కో అంచున 96 చిల్లులు ప్రొజెక్టర్ పళ్ళ మీదుగా పోతాయి. అయితే ప్రొజెక్టర్‌లో వెలుగు పడే గేటు దగ్గర రీలు ఏకధాటిగా జారిపోదు. ప్రతి ఫ్రేమూ అక్కడ క్షణకాలం కదలకుండా నిలబడాలి, తర్వాత ఒక్క గుంజుతో కిందికి దిగాలి. ఆ ఆగడాన్నీ ఆ గుంజుడునూ మోసేది చిల్లుల అంచులే. అవి చిరిగితే తెర మీద బొమ్మ ఎగురుతుంది. పాత ఆపరేటర్లు ఇంకా ఉన్నారు. చిరిగిన చిల్లుల్ని ఎలా బాగుచేసేవాళ్ళో వాళ్ళ నోటనే విను. తెరకూ సన్నని చిల్లులుంటాయని కూడా రాయి. వెనకున్న స్పీకర్ల శబ్దం వాటిలోంచి వస్తుంది, వెలుగులో ఎక్కువ భాగం తెర మీదే ఆగుతుంది.

నాకు బాధ కలిగించింది వేరే ఉంది. నీ జాబితాలో మన చిల్లులు లేవు. తోలుబొమ్మల నగల దగ్గర వరసగా చిల్లులు కొడతారు, వెనక దీపం పెడితే ఆ నగలు మెరుస్తాయి. తాళపత్రాలకు తాడు దూర్చే చిల్లు ఉంటుంది. దాని చుట్టూ కాస్త చోటు వదిలి అక్షరాలు రాసినవాళ్ళున్నారు. ఇంకా దగ్గరికొస్తే, పాతబస్తీ గల్లీల్లో మగ్గం వర్క్ చేసే కార్ఖానాలున్నాయి. ట్రేసింగ్ కాగితం మీద డిజైన్ గీసి, గీత వెంబడి సూదితో సన్నగా పొడుచుకుంటూ పోతారు. ఆ కాగితాన్ని చట్రానికి బిగించిన గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని గుడ్డ ముక్కతో పైనుంచి రుద్దుతారు. ముదురు రంగు బట్టకు తెల్ల పొడి, లేత రంగుకు నీలం. కాగితం ఎత్తితే కింద చుక్కల్లో నెమలి దిగి ఉంటుంది. కిరోసిన్ ఆవిరైపోతుంది, పొడి నిలుస్తుంది. అదే కాగితంతో ఇంకో జాకెట్టు, ఇంకో లెహంగా. పెళ్ళిళ్ళలో మనం చూసి మురిసే జర్దోజీకి పునాది ఆ సూదిపోట్లే. వాటి గురించి రాసేవాళ్ళు లేరు, నువ్వు రాయాలి.

హైదరాబాద్‌లో పైగా నవాబుల సమాధులైన 'పైగా టోంబ్స్‌'లోని జాలీలకు (చిల్లుల తెరలకు), గాలి వస్తూ ఎండ తీక్షణత తగ్గుతుందన్న ఒక్క పేరా చాలు. గారెకు చిల్లు ఎందుకో ఒక్క వాక్యం చాలు. చమురు బావిని మాత్రం కుదించకు. ముందు బావి గోడంతా ఉక్కు గొట్టంతో, సిమెంటుతో మూసేస్తారు, వేరే పొరల నీళ్ళు చొరబడకుండా. తర్వాత చమురున్న పొర దగ్గరికి మాత్రమే ఒక 'గన్' దించి, పేలుడుతో ఉక్కునూ సిమెంటునూ రాతినీ తొలుస్తారు. అంతా మూసి, కావాల్సిన చోట తెరవడం! నా ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు దొరకదు.

ఇక వైద్యం. దాన్ని బిళ్ళలతో, రీళ్ళతో ఒకే వరసలో కూర్చోబెట్టకు. మిగిలినచోట్ల చిల్లును మనిషి కావాలని పెట్టాడు, ఇక్కడ అది దానంతటది పడింది. కర్ణభేరికి పడ్డ చిన్న చిల్లు చాలాసార్లు కొన్ని వారాల్లో తనే మూసుకుంటుంది. పేగుది అలా కాదు. టైఫాయిడ్ ముదిరితే, సాధారణంగా మూడో వారం ప్రాంతంలో, చిన్నపేగు చివరి భాగంలోని పుండు తూటు పడొచ్చు. పేగులో ఉండాల్సినవి కడుపు కుహరంలోకి కారతాయి. నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే విభాజక పటలం (ఛాతీనీ పొట్టనూ వేరుచేసే పొర) కింద గాలి నల్లని వంపుగా కనబడవచ్చు. అది చూశాక సర్జన్లు ఆలస్యం చేయరు. 'పెర్ఫొరేషన్ అయింది' అన్న మాట క్యాజువాలిటీ బయట నిలబడి విన్న కుటుంబాలు నీ వ్యాసం చదువుతాయి. వాళ్ళను తలుచుకుని రాయి. అచ్చుకు పంపేముందు ఆ భాగం ఎవరైనా సర్జన్‌కు చూపించు.

మొదటి పేరాలో నిఘంటువు అర్థాలు పెట్టావు కదా, తీసెయ్. మగ్గం దగ్గర మొదలుపెట్టు. కార్ఖానాకు సాయంత్రాలు వెళ్ళకు, కారీగర్లకు వెలుతురుండగానే పని తెమలాలి, మధ్యాహ్నం భోజనాల వేళ అయితే తీరిగ్గా మాట్లాడతారు. కొత్త ప్రతి సిద్ధమయ్యాక పంపు, వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు