బ్యాండ్ చూడగానే తీర్పు చెప్పకు

చిరంజీవి స్రవంతికి పెద్దమ్మ ఆశీస్సులు.

గోధుమలోనూ దాని అడవి బంధువుల్లోనూ గ్లూటెన్ ప్రొటీన్లు ఎన్ని రకాలున్నాయో చూసే పని మీద పీహెచ్‌డీ మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో. మన వైపు గోధుమంటే చపాతీ, ఉప్మా రవ్వ వరకే. వరి ఉండగా నీకిదెందుకు అనేవాళ్ళు చుట్టూ ఉంటారు. ఆ మాట నేనూ చాలాసార్లు విన్నాను, పట్టించుకోకు. ఉత్తరాదిలో గోధుమ నాణ్యత చూసే ల్యాబ్‌లోనే నా ఉద్యోగమంతా గడిచింది. పాఠం మీ గైడ్‌గారు చెబుతారు. చేతిపనిలోనూ, చూసేదాన్ని అర్థం చేసుకోవడంలోనూ ఎక్కడ జాగ్రత్తపడాలో నేను రాస్తాను.

జెల్ (ప్రొటీన్లను కరెంటుతో నడిపి బ్యాండ్లనే చారలుగా విడదీసే మెత్తటి పలక) జోలికి వెళ్ళేముందు పిండి కడుగు. మైదా ముద్ద కలిపి, కాసేపు నాననిచ్చి, సన్నటి నీటిధార కింద పిసుకుతూ ఉంటే పిండిపదార్థం తెల్లగా కారిపోయి చేతిలో జిగురు ముద్ద మిగులుతుంది. బొలోన్యాలో బెకారీ ఈ పనే చేశాడు, 1745లో అచ్చయింది. ఆ ముద్దను లాగి చూడు. సాగే గుణం ఎక్కువగా గ్లయాడిన్లనే గ్లూటెన్ ప్రొటీన్లది, వదిలితే వెనక్కి లాగే బిగువు గ్లూటెనిన్లనే మరో రకానిది. తర్వాత అదే పని ఖప్లీ (ఎమ్మర్ అనే పాతకాలపు గోధుమ) పిండితో చెయ్యి, డ్యూరమ్ (పాస్తాకు వాడే గట్టి గోధుమ) రవ్వతో చెయ్యి. తేడా వేళ్ళకు తెలుస్తుంది. కొన్నాళ్ళకు నీ చేతిలో అంకెలు, బ్యాండ్లు మాత్రమే మిగులుతాయి. అవి ఈ జిగురు గురించే చెబుతున్నాయన్న సంగతి మరిచిపోకుండా ఉండాలంటే ఇది అవసరం.

ఇక గింజల సంగతి. నా లెక్కన నీ థీసిస్‌లో సగం బలం ఇక్కడే ఉంది. రొట్టె గోధుమలో ‘ఏ’, ‘బి’, ‘డి’ అని మూడు జీనోములు (పూర్వీకుల నుంచి వచ్చిన క్రోమోజోముల సెట్లు), మొత్తం 42 క్రోమోజోములు. ‘ఏ’ జీనోమ్ ట్రిటికమ్ ఉరార్తు అనే అడవి గోధుమ నుంచి వచ్చింది, బి జీనోమ్ ఏజిలాప్స్ స్పెల్టాయిడెస్‌కు దగ్గరి చుట్టం నుంచి, డి జీనోమ్ ఏజిలాప్స్ టౌషీ నుంచి. నువ్వు జీన్ బ్యాంక్ (విత్తనాలను భద్రపరిచే సంస్థ) నుంచి తెప్పించుకునేవి ఈ చుట్టాలనే. పొట్లం మీద ఉరార్తు అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉరార్తు ఉన్నట్టు కాదు. దానికీ అడవి ఐన్‌కార్న్ అనే మరో గోధుమకూ పోలిక ఎక్కువ. రెండూ కలిసిపోవడం, ఒకదాని పేరుతో మరొకటి నమోదవడం ఎప్పటినుంచో ఉన్న సమస్య. పాత నాటు రకాలైతే ఒకే పొట్లంలో నాలుగైదు రకాల గింజలు ఉండవచ్చు. కాబట్టి ప్రతి యాక్సెషన్ (జీన్ బ్యాంక్ నంబరు వేసిన నమూనా) నుంచి కనీసం కొన్ని గింజలను విడివిడిగా చూడు. ఎప్పుడూ పిండి కలిపేసి చూడకు. అనుమానం వస్తే వేరు కొనల్లో క్రోమోజోములు లెక్కపెట్టు, మొక్క పెంచి వెన్ను చూడు.

గింజను అడ్డంగా కోసి, అంకురం లేని సగం నుంచి మాత్రమే ప్రొటీన్ తియ్యి. అంకురం ఉన్న సగాన్ని నంబరు వేసి దాచు. జెల్‌లో వింత బ్యాండ్ కనిపిస్తే ఆ సగాన్నే మొలకెత్తించి, ఆ మొక్క నుంచే డీఎన్ఏ తీయవచ్చు, దానితోనే సంకరం చేయవచ్చు. గింజ మొత్తం నూరేస్తే ఆ బ్యాండ్ ఫొటోలోనే మిగిలిపోతుంది. టౌషీ గింజకు పొట్టు గట్టి, గింజ చిన్నది. కొయ్యడానికి ఓపిక కావాలి, కొత్త బ్లేడు కావాలి.

హై మాలిక్యులర్ వెయిట్ గ్లూటెనిన్ల (పెద్ద సైజు గ్లూటెనిన్ల) దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మోసపోయేది ఎక్కువగా అక్కడే. వాటి జన్యువులు ఒకటో గుంపు క్రోమోజోముల పొడవు భుజం మీద ఉంటాయి: గ్లూ-ఏ1, గ్లూ-బి1, గ్లూ-డి1. ఒక్కో చోట ఎక్స్, వై అని రెండేసి జన్యువులు. లెక్కప్రకారం ఆరు ప్రొటీన్లు రావాలి, కానీ రొట్టె గోధుమలో మూడు నుంచి అయిదు దాకానే కనిపిస్తాయి. ‘ఏ’ జీనోమ్‌లోని వై జన్యువు మామూలుగా ప్రొటీన్ చేయకుండా మూగబోయి ఉంటుంది. అదే జన్యువు ఉరార్తులోనూ, అడవి ఎమ్మర్‌లోనూ పనిచేస్తున్న మొక్కలు ఉన్నాయి. అడవి బంధువుల దగ్గరికి మనం వెళ్ళడానికి ఇదొక్కటి చాలు కారణం.

కేంబ్రిడ్జ్ ప్లాంట్ బ్రీడింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పీటర్ పేన్ బృందం ఈ ప్రొటీన్లకు జెల్ మీద అవి ఆగే చోటును బట్టి నంబర్లు ఇచ్చింది. పేన్, లారెన్స్ 1983లో వేసిన జాబితానే ఇప్పటికీ అందరం వాడుతున్నాం. ఈ నంబర్లు చోటుకు పెట్టిన గుర్తులు, అంతే. ప్రొటీన్ సైజును అవి చెప్పవు. ఉదాహరణకు 12 అనే ప్రొటీన్ 10 కన్నా 12 అమైనో ఆమ్లాలు పెద్దది. అయినా జెల్‌లో 10 కన్నా కిందికి పరుగెడుతుంది. ఒకే వరుస మళ్ళీ మళ్ళీ వచ్చే రిపీట్ భాగంలో కొద్దిపాటి అమైనో ఆమ్లాల మార్పులు చాలు, నడక మారిపోతుంది. ‘ఏ’ జీనోమ్‌లోని 2 స్టార్ ప్రొటీన్, ‘డి’ జీనోమ్‌లోని 2 పక్కపక్కనే ఆగుతాయి. అనుమానం ఉన్నచోట జెల్‌లో యూరియా కలిపి మళ్ళీ నడుపు.

అందుకే ఏ ప్రొటీన్లున్నాయో ముందే తెలిసిన గోధుమ రకాలు లేకుండా ఒక్క జెల్ కూడా నడపకు. కింద నంబర్లు గ్లూ-ఏ1, బి1, డి1 వరుసలో రాశాను, 7+8 అంటే ఒక చోటి ఎక్స్, వై జత. చైనీస్ స్ప్రింగ్ (ఏ1 దగ్గర ఏమీ ఉండదు, 7+8, 2+12), మార్క్విస్ (1, 7+9, 5+10), బెజోస్తయా (2 స్టార్, 7+9, 5+10), గాబో (బి1 దగ్గర 17+18) దగ్గర పెట్టుకో. రెండు చివరల్లోనే కాదు, మధ్యలో కూడా వెయ్యి. జెల్ మధ్యలో నవ్వినట్టు వంగిపోతే చివరి లేన్లతో (నమూనాలు పరుగెత్తే దారులతో) పోల్చి ఏం లాభం?

గ్లూ-డి1లోని 5+10 జత పేరు వింటే రొట్టె పరిశోధకులకు కళ్ళు మెరుస్తాయి. 1987లో పేన్ వేసిన రొట్టె నాణ్యత స్కోరులో 5+10కి నాలుగు మార్కులు, 2+12కి రెండు. 5 ప్రొటీన్‌లో అదనంగా ఒక సిస్టీన్ (సల్ఫర్ ఉన్న అమైనో ఆమ్లం) ఉంటుంది, ఆ సిస్టీన్ వల్ల ప్రొటీన్ల మధ్య మరో సల్ఫర్ బంధం కుదిరి పెద్ద గొలుసులు ఏర్పడతాయని చెబుతారు. ఇప్పుడు టౌషీ గింజలు నడిపితే అదే ఎత్తులో 5, 10 లాంటి బ్యాండ్లు చాలా కనిపిస్తాయి. వాటిని 5టి, 10టి అని విడిగా పిలవడానికి కారణం ఉంది. ఆ 5టికి ఆ అదనపు సిస్టీన్ లేదు. ఎత్తు ఒక్కటే, చేసే పని వేరు. కాబట్టి సీక్వెన్స్ (డీఎన్ఏ అక్షరాల వరుస) చూడకుండా "టౌషీలో 5+10 దొరికింది" అని ఎప్పుడూ రాయకు.

అసలు 5+10 ఎక్కడి నుంచి వచ్చిందన్న కథ నాకు చాలా ఇష్టం. గోధుమ డి జీనోమ్ ఎక్కువభాగం టౌషీలోని రెండో వంశం నుంచి, కాస్పియన్ సముద్రానికి దక్షిణాన ఉన్న ప్రాంతం నుంచి వచ్చింది. కానీ 5+10 జత మాత్రం జార్జియాలో దొరికే చాలా అరుదైన మూడో వంశానిదని 2021లో తేలింది. ప్రపంచంలో ఇన్ని బేకరీలు ఆధారపడే జత ఒక మారుమూల గడ్డి వంశానిది. నీ పొట్లాల్లో జార్జియా నుంచి వచ్చినవి రెండో మూడో ఉంటే, సంఖ్య తక్కువని వాటిని పక్కన పెట్టకు.

సీక్వెన్స్ చేసేటప్పుడు ఒక సౌకర్యం ఉంది. ఈ జన్యువుల్లో ఇంట్రాన్లు (ప్రొటీన్‌గా మారని మధ్య ముక్కలు) ఉండవు, కాబట్టి డీఎన్ఏ నుంచే ప్రొటీన్ చదువుకోవచ్చు. ఒక చిక్కు కూడా ఉంది. మధ్యలో అంతా రిపీట్లే. పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కకు కాపీలు తీసే పద్ధతిలో) రెండు జన్యువుల ముక్కలు కలిసి, మొక్కలో లేని కొత్త జన్యువు పుడుతుంది. బ్యాక్టీరియాలో క్లోన్ చేస్తే మధ్యలో ముక్క ఊడిపోతుంది. ఇలా పుట్టిన "కొత్త అల్లీళ్ళు" (ఒకే జన్యువు వేర్వేరు రూపాలు) డేటాబేసుల్లో ఉన్నాయి, వాటికి నువ్వు మరొకటి చేర్చకు. రెండు వేర్వేరు పీసీఆర్‌లలో ఒకే సీక్వెన్స్ రావాలి, ఆ ప్రొటీన్ జెల్‌లో కనిపించాలి, అప్పుడు నమ్ము. గ్లయాడిన్లలో ఇంకో సంగతి గమనిస్తావు. వాటినిండా గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం. దాని కోడాన్లు (డీఎన్ఏలో మూడక్షరాల సంకేతాలు) సీఏఏ, సీఏజీ. మొదటి సీ ఒక్కటి టీగా మారితే చాలు, అది ఆగిపొమ్మనే గుర్తు అవుతుంది. అందుకే ఆల్ఫా గ్లయాడిన్ జన్యువుల్లో పెద్దభాగం మూగవి. జన్యువుల సంఖ్య లెక్కపెట్టి ప్రొటీన్ల సంఖ్య అనుకోవద్దు.

మన దేశపు రకాలతో పని చేసేటప్పుడు ఒకటి ముందే చూడు: రై అనే మరో ధాన్యం నుంచి వచ్చిన 1ఆర్ క్రోమోజోము పొట్టి భుజం ఉందా లేదా. పీబీడబ్ల్యూ 343 అనే రకంలో ఉంది. అది ఉన్నచోట గోధుమ సొంత గ్లయాడిన్లు, లో మాలిక్యులర్ వెయిట్ గ్లూటెనిన్లు కొన్ని పోయి, సెకాలిన్లనే రై ప్రొటీన్లు వచ్చి చేరతాయి, పిండి జిగటగా అంటుకుంటుంది. అది చూడకుండా తప్పంతా గ్లూ-1 (గ్లూ-ఏ1, బి1, డి1) జన్యువుల మీద వేసినవాళ్ళు ఉన్నారు.

రొట్టెకు మంచిదే మంచిదన్న పట్టింపు కూడా వద్దమ్మా. నాప్ హాల్ అనే మన నాటు గోధుమలో గ్లూ-డి1 ప్రొటీన్లు రెండూ లేవు. రొట్టె స్కోరు చూస్తే అది దండగమారి. బిస్కెట్‌కు కావలసింది బలహీనమైన గ్లూటెనే కాబట్టి అక్కడ దానికి విలువ. చపాతీకి పేరుపడ్డ సి-306ను బేకరీ రొట్టె కొలతలతో తూచితే న్యాయం జరగదు. నువ్వు కనిపెట్టిన ప్రొటీన్ దేనికి పనికొస్తుందో చెప్పాలంటే పిండి కావాలి, ఒక్క గింజ చాలదు. అడవి గింజతో రొట్టె చేయలేం కాబట్టి దాన్ని గోధుమలోకి సంకరం చేసి, అటుపక్కా ఇటుపక్కా మిగతా అంతా ఒకేలా ఉన్న లైన్లు తయారుచేసి పోల్చాలి. డ్యూరమ్‌ను టౌషీతో కలిపి సిమ్మిట్ (మెక్సికోలోని అంతర్జాతీయ గోధుమ, మొక్కజొన్న పరిశోధన సంస్థ) వాళ్ళు చేసిన సింథటిక్ గోధుమలు ఇందుకు మంచి దారి. మొదట్లో పిండి తక్కువ ఉన్నప్పుడు ఎస్‌డీఎస్ సెడిమెంటేషన్ పరీక్షతో (పిండిని ద్రావణంలో కలిపి అడుగున పేరుకున్న ఎత్తు చూసే పరీక్షతో) సరిపెట్టు. పోల్చే లైన్లన్నీ ఒకే పొలంలో, ఒకే ఎరువుతో పండాలి. నేలలో సల్ఫర్ తగ్గితే ఒమేగా గ్లయాడిన్లు పెరుగుతాయి. గింజ పాలుపోసుకునేటప్పుడు ఎండ మండితే పిండి బలం మారుతుంది. అల్లీల్ అదే ఉన్నా ఫలితం తారుమారు అవుతుంది.

చివరగా, నిన్ను చుట్టాలంతా అడగబోయే ప్రశ్న. "ఖప్లీ పాతకాలపు గోధుమ కదా, గ్లూటెన్ పడనివాళ్ళు తినొచ్చా?" సీలియాక్ (గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే) జబ్బు ఉన్నవాళ్ళు తినకూడదు. మొహమాటపడకుండా ఆ మాటే చెప్పు. ఆ జబ్బులో బాగా పేరుపడ్డ 33 అమైనో ఆమ్లాల ముక్క డి జీనోమ్‌లోని ఆల్ఫా గ్లయాడిన్లది, ఖప్లీలో డి జీనోమ్ లేదు, నిజమే. కానీ ఏ, బి జీనోముల గ్లయాడిన్లలోనూ హాని చేసే ముక్కలు ఉన్నాయి. ఐన్‌కార్న్‌కూ ఇదే వర్తిస్తుంది. ఎవరైనా పత్రికవాళ్ళు నీ పని గురించి రాస్తామని వస్తే, ఈ వాక్యం వాళ్ళు వదిలెయ్యకుండా చూసుకో. ఒక పిల్లవాడి పేగులతో వ్యవహారం అది.

గ్లవ్స్ లేకుండా జెల్ తయారుచేసే యాక్రిలమైడ్ ముట్టుకోకు, గట్టిపడకముందు అది నరాలకు విషం. ప్రొటీన్ తీసేటప్పుడు వాడే వినైల్ పిరిడీన్ సీసాను ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగేసే గూడు) బయట తెరవకు. మొదటి జెల్ అయ్యాక ఫొటో పంపించు. ఏ లేన్‌లో ఏ గింజో, ఆ గింజ రెండో సగం ఏ నంబరు కవర్లో ఉందో రాసి పంపు. ఫోన్లో చూసుకుంటూ మాట్లాడుకుందాం.

ఉంటాను.
మీ పెద్దమ్మ